మూత పెట్టి తీసిన ఫొటో

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, పిరికిదానా అని పిలిచింది ఎక్కువ. అందులో అబద్ధమేమీ లేదు. లిఫ్టు తలుపు మూసుకుంటే భయం. ఏసీ చప్పుడు ఆగిపోతే భయం. ఎండాకాలం మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక్క మనిషి కూడా కనిపించేవాడు కాదు, అదీ భయమే. మేముండేది కువైట్‌లోని అబూ హలీఫాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక పాత భవనం మూడో అంతస్తులో. నాన్న ఇంజనీరు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, వారంలో సగం ఆవిడకి రాత్రి డ్యూటీలే.

నాకంటే అయిదేళ్ళు చిన్నవాడు తమ్ముడు. వాడికి ఆయాసం. గాలిలో కాస్త దుమ్ము లేచిందంటే చాలు, వాడి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇన్‌హేలర్ నోట్లో పెట్టి రెండుసార్లు నొక్కితే నెమ్మదించేవాడు. ఆ చిన్న నీలం డబ్బా ఎక్కడుందో తెలియకపోతే అమ్మ ముద్ద మింగేది కాదు. ఎడారి దేశంలో దుమ్ము పడని పిల్లాడిని పెట్టుకుని బతకడమంటే ఎప్పుడూ ఒక చెవి వాడి ఊపిరి మీద వేసి ఉండడమే. అమ్మ అలాగే ఉండేది. నాన్న మాత్రం దేన్నైనా నవ్వుతో తేల్చేసే మనిషి. నేను దేనికైనా ఉలిక్కిపడితే, పిరికివాడికి నీడే దయ్యమని నలుగురిలోనూ అనేవాడు. నలుగురూ నవ్వేవారు. ఆ నవ్వు నాకు ఒళ్ళు మండించేది, కానీ ఏం చేస్తాం, మరుసటి నిమిషం మళ్ళీ దేనికో ఉలిక్కిపడేదాన్ని.

మా పైఇంట్లో ఒక అత్తయ్య ఉండేది. చుట్టమేమీ కాదు. హైదరాబాదు నుంచి వచ్చి, అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీసేది. ఆంటీ అని పిలిస్తే ఊరుకునేది కాదు. "ఆంటీలు బిల్డింగు నిండ ఉన్నరు బిడ్డా, నేను నీకు అత్తనే" అనేది. నాన్నని తమ్మీ అని పిలిచేది, నాన్న ఆవిడని అక్కయ్యా అనేవాడు. పిల్లలు లేరు. మామయ్య నెలలో సగం రోజులు చమురు బావుల దగ్గరే ఉండేవాడు. ఆవిడకున్న ఒకే ఒక్క పిచ్చి టెలిస్కోపు. సెలవు రోజు సాయంత్రం పొద్దు గుంకగానే దాన్ని డాబా మీదికి మోయించి, వెనక కెమెరా బిగించి, ఆకాశాన్ని ఫొటోలు తీసేది. సామాను అందించడానికి నేను వెంట వెళ్ళేదాన్ని.

చంద్రుడూ గ్రహాలూ ఆవిడకి ఆనేవి కావు. ఎక్కడో లోతున ఉండి, మామూలు కంటికి చిన్న మరకలా కూడా కనిపించని నక్షత్ర మేఘాలు కావాలి. వాటి వెలుగు ఎంత పలచనిదంటే, కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరిచి ఉంచితే తప్ప చిక్కదు. అంతసేపూ నక్షత్రాలతో పాటు టెలిస్కోపూ కదలాలి, దానికో చిన్న మోటారు. అలాంటి ఫొటోలు పదులకొద్దీ తీసి కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, అప్పుడు ఒక బొమ్మ తేలుతుంది. అబూ హలీఫా ఆకాశం వీధి దీపాలతోనూ, దక్షిణాన రిఫైనరీ మంటలతోనూ ఎప్పుడూ నారింజ రంగులో ఉండేది. అంత వెలుగులో ఆవిడ ఆ చీకటి వస్తువుల కోసం వెతికేది. పిచ్చి కాక మరేమిటని అమ్మ ముద్దుగా విసుక్కునేది.

ఒక సాయంత్రం అలా డాబా మీద ఉండగా కంప్యూటరులోకి అప్పుడే వచ్చిన ఫొటో చూసి నేను కెవ్వుమన్నాను. నల్లని ఆకాశంలో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, రెండేసి పక్కపక్కన, అచ్చం కళ్ళు. కుడివైపు పైమూలన గోధుమరంగు మరక, ఎవరో మొహం తెచ్చి ఆనించినట్టు. ఆకాశంలోంచి ఏదో మమ్మల్ని చూస్తోందని ఏడుపు లంకించుకున్నాను. అత్తయ్య నవ్వలేదు, కసరలేదు. టెలిస్కోపుకి మూత పెట్టమని నా చేతికే ఇచ్చింది. మూత పెట్టాక అంతే సేపు ఇంకో ఫొటో తీసింది. మూత పెట్టిన టెలిస్కోపులోంచి ఏం కనిపిస్తుంది, కటిక చీకటి రావాలి కదా. కానీ ఆ ఫొటోలోనూ అవే ఎర్ర కళ్ళు, అదే మూలన అదే మరక.

"మూత పెట్టినా కనవడ్తున్నదంటే అది ఆకాశంల లేదు బిడ్డా, మన కెమెరాలనే ఉన్నది" అంది.

కెమెరా వేడెక్కితే దానంతట అదే అలాంటి చుక్కలు, మరకలు పుట్టిస్తుందట. మా ఊరి వేడికి ఇంకా ఎక్కువ. అందుకని ఈ పని చేసేవాళ్ళందరూ ఆకాశం ఫొటోలతో పాటు మూత ఫొటోలూ తీసుకుంటారు. కెమెరా సొంత రోగమేదో వాటిలో తెలుస్తుంది, దాన్ని అసలు ఫొటోలోంచి తీసేస్తారు. మిగిలింది ఆకాశం. ఇది చెప్పి ఆవిడ ఇంకో మాట కూడా అంది. నువ్వు భయపడేదానికి కూడా ఒకసారి మూత పెట్టి చూసుకో, కళ్ళు మూసుకున్నా అదే భయం అంతే ఉంటే అది నీలోది, దాన్ని తీసెయ్యి అని. ఆ రాత్రి పడుకుని బీరువా వైపు చూసి, కళ్ళు మూసుకుని చూశాను. భయం అంతే ఉంది. అయితే ఇది బీరువాది కాదన్నమాట అనుకున్నాను. అలా నిద్రపట్టడం నాకు కొత్త.

ఈ సంగతి నాన్నకి భలే నచ్చింది. అప్పటినుంచి నేను దేనికి బెదిరినా, "మూత పెట్టవే, మూత పెట్టు" అని ఆటపట్టించేవాడు. ఆ మరకకీ మా ఇంట్లో పేరొచ్చింది, కెమెరా జబ్బు.

ఇక ఆ రోజు. కువైట్‌లో చలి వెళ్ళిపోయి ఎండ ముదిరేలోపు కొన్ని వారాలుంటాయి, సరాయత్ అంటారు. నిర్మలంగా ఉన్న సాయంత్రం ఉన్నట్టుండి మారిపోతుంది, పడమటి నుంచి దుమ్ము గోడలా లేచి గంటలో మీద పడుతుంది, వెనకే ఉరుములు, వాన. పాతకాపులు ఆ రోజుల్లో ఎడారికి పోరు. కానీ పిల్లలకోడి, అదే కృత్తికలు, అస్తమించిపోతోందని అత్తయ్య తొందర. చలికాలమంతా నెత్తిమీద ఉండే ఆ చుక్కల గుంపు ఎండలొచ్చేసరికి పొద్దు గుంకగానే పడమటికి వాలిపోతుంది, మళ్ళీ చలికాలం దాకా చిక్కదు. ఆ చుక్కల చుట్టూ నీలంగా పొగలాంటిది ఉంటుందని, అది ఊరి వెలుగులో పడదని, ఒక్కసారి నిజమైన చీకట్లో తీయాలని ఆవిడ కోరిక. ఫోనులో వాతావరణం శుభ్రంగా ఉందనే చూపించింది. అమ్మకి డ్యూటీ. ఆడమనిషిని ఒంటరిగా ఎడారికి పంపడమేమిటని నాన్న మా ఇద్దరినీ కూడా బయల్దేరదీశాడు.

మా కారు చిన్నది, ఇసుకలో దిగబడుతుంది. దాన్ని తారు రోడ్డు పక్కన వదిలి, అందరం అత్తయ్య జీపులో టైర్ల జాడ పట్టుకుని లోపలికి వెళ్ళాం. ఆ జాడ దాటకూడదు. పాత యుద్ధంలో పేలకుండా మిగిలిన బాంబులు ఇంకా ఇసుకలో పడి ఉన్నాయని, కనిపిస్తే ముట్టుకోవద్దని, కనిపించకపోయినా జాడ వదిలి నడవద్దని అక్కడ పెరిగిన ప్రతి పిల్లకీ చెప్పి ఉంచుతారు. పిలిస్తే వినపడేంత దూరంలో ఎవరూ లేరు. ఫోనులో సిగ్నలు లేదు. దూరంగా పడమట చమురు బావి దీపాలు వరసగా నాలుగైదు. అంతకుమించి వెలుగన్నది లేదు.

అత్తయ్యకి ఒక నియమం ఉండేది. కెమెరా కన్ను తెరిచాక తెల్ల దీపం వెలిగించకూడదు, జీపు స్టార్టు చేయకూడదు. కంప్యూటరు తెర వెలుగు కూడా బాగా తగ్గించి ఉంచేది. చేతిలో ఎర్ర టార్చి ఒక్కటే, అదీ నేలకేసి. మొదటి ఫొటో వచ్చింది. నీలం పొగ నిజంగానే ఉంది, చుక్కలకి ఎవరో పలచని గుడ్డ కప్పినట్టు. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే చూసింది. నాకు ఆవిడని చూస్తే సంతోషంగా అనిపించింది.

అప్పుడే తమ్ముడు దగ్గాడు. చిన్న దగ్గు. చల్లగాలి అన్నాడు నాన్న. కాసేపటికి మళ్ళీ దగ్గాడు, ఈసారి చివర్న సన్నగా పిల్లికూత. అమ్మ సర్దిచ్చిన సంచీ కోసం వెతికితే కనిపించలేదు. ఇన్‌హేలర్ ఉన్న ఆ సంచీ మా కారు వెనక సీటులోనే ఉండిపోయింది.

జీపులో వెళ్దామని అత్తయ్య లేచింది. నాన్న ససేమిరా అన్నాడు. "ఇన్నాళ్ళకి చిక్కింది అక్కయ్యా, పాడుచేసుకోకండి. ఎంతలో ఉంది, వీడికి అక్కడే మందు పట్టించి నడిచి వచ్చేస్తాం." అది మర్యాద. మా వాళ్ళకి మర్యాద ఎక్కువ, ఒకరి పనికి అడ్డం పడకూడదని ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. తమ్ముడిని భుజాల మీద ఎక్కించుకుంటూ నాన్న తెర వైపు చూశాడు. రెండో ఫొటో వచ్చింది. కింద అంచున గోధుమరంగు మరక. నాన్నా, వద్దు, నాకు భయంగా ఉంది అన్నాను. ఎందుకో అడిగితే చెప్పలేకపోయాను, మరక వైపు చూపించాను. నాన్న నవ్వాడు. "కెమెరాకి జబ్బు తిరగబెట్టిందే. మూత పెట్టు" అన్నాడు. ఎర్ర టార్చి తీసుకుని టైర్ల జాడ వెంట వెళ్ళిపోయాడు. ఆ ఎర్ర చుక్క కాసేపు ఊగుతూ కనిపించి, తర్వాత కనిపించలేదు.

మూడో ఫొటోలో మరక పెద్దదయింది. నీలం పొగ లేదు. కోడి పిల్లల్లో చిన్నవి రెండు కనిపించలేదు. నేను కళ్ళు మూసుకుని చూసుకున్నాను, భయం తగ్గింది. తెరిచాను, పెరిగింది. అత్తయ్యా, ఇది నాలోది కాదు అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. పదేళ్ళ పిల్ల మాటకి అంతసేపు ఫొటో ఆపుతారా ఎవరైనా. ఆవిడ ఆపింది. "మూత పెట్టు బిడ్డా" అంది.

మూత పెట్టాను. కెమెరా కన్ను మళ్ళీ తెరుచుకుంది. అంతే సేపు ఆగాలి కదా, ఆగాం. అంతదాకా చల్లగా తగులుతున్న గాలి పూర్తిగా ఆగిపోయింది. ఎక్కడో తడిసిన మట్టి వాసన. ఎక్కడా వాన లేదు, ఆ వాసన ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. నా నోట్లో పళ్ళ మధ్య ఇసుక కరకరమంది.

ఫొటో వచ్చింది. కుడివైపు పైమూలన మామూలు మరక. ఎర్ర చుక్కలు మామూలువే. కింద అంచు నల్లగా, శుభ్రంగా ఉంది.

"ఇది కెమెరాది కాదు" అంది అత్తయ్య, చాలా నెమ్మదిగా. అప్పుడు ఇద్దరం పడమటికి చూశాం. కంటికి ఏమీ కనిపించలేదు, అదే భయంకరం. అక్కడ ఉండాల్సిన నక్షత్రాలు లేవు. చమురు బావి దీపాలు నాలుగైదు ఉండేవి కదా, ఒక్కటీ లేదు. నేల అంచు నుంచి పైదాకా నల్లని ఖాళీ నిలబడి ఉంది, చూస్తుండగా ఇంకో చుక్క దానిలోకి పోయింది.

టెలిస్కోపుకి మూడేళ్ళ జీతంలో మిగుల్చుకున్నదంతా పోసిందావిడ. దాన్ని అక్కడే వదిలేసింది, కంప్యూటరుని కూడా అందుకోలేదు. నా రెక్క పట్టుకుని జీపులో పడేసి, దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగించి, హారన్ మోగిస్తూ జాడ వెంట పోనిచ్చింది. అంత తెల్లటి వెలుగు చూసి నా కళ్ళు చెదిరాయి. ముందు ఇసుక, టైర్ల గీతలు, వాటి పక్కన నాన్న చెప్పుల గుర్తులు. అటు వెళ్ళినవే ఉన్నాయి, ఇటు తిరిగి వచ్చినవి లేవు. నాన్నా అని అరుస్తున్నాను, నా అరుపు నాకే వినపడటం లేదు.

సగం దూరం వెళ్ళామో లేదో, అది మీద పడింది. జీపు ఒక్క కుదుపుతో పక్కకి ఊగింది. దీపాల వెలుగు ముందుకి పోవడం మానేసి మా మొహాల మీదికే తిరిగొచ్చింది, చుట్టూ గోధుమరంగు, ఇంకేమీ లేదు. అత్తయ్య గట్టిగా బ్రేకు వేసింది. ముందుకి పోతే వాళ్ళనే తొక్కేస్తామేమో. జాడ తప్పితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆవిడ నా చెయ్యి తీసి స్టీరింగు మధ్యలో అదిమి పెట్టింది.

"హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యకు. నేను రమ్మన్నా తియ్యకు. మీ నాయన దీని మీదనే రావాలె" అంది. చున్నీ ముక్కుకి చుట్టుకుని తలుపు తోసుకుని దిగింది. తలుపు పిడి వదలకుండా నిలబడి, ఇంకో చేత్తో తెల్ల టార్చి ఊపుతూ తమ్మీ, తమ్మీ అని పిలుస్తూనే ఉంది. కాసేపటికి నాకు ఆవిడ చెయ్యి తప్ప మిగతా మనిషి కనిపించలేదు.

ఎంతసేపో నాకు తెలియదు. రెండు చేతులూ వేసి, చివరికి ఛాతీ ఆనించి హారన్ మీద పడుకున్నాను. అంత మోతలోనూ నేను తమ్ముడి పిల్లికూత వినడానికి ప్రయత్నిస్తున్నాను. వాడి భుజాలు ఎగిసిపడటం, మెడ దగ్గర గుంట పడటం, పెదవులు రంగు మారటం, ఇంట్లో చూసినవన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. కళ్ళు మూసుకున్నా పోలేదు. అప్పుడు నాకు మూత మాట గుర్తులేదు, ఏ మాటా గుర్తులేదు. దేవుడా, వాడు ఊపిరి పీల్చుకుంటే చాలు, నన్ను ఎవరు ఏమన్నా పడతాను అనుకున్నాను.

అత్తయ్య చెయ్యి తలుపు పిడి మీద నుంచి మాయమైంది. ఆ క్షణం నేను బతికినంతకాలం మరచిపోను. తర్వాత వెనక తలుపు తెరుచుకుంది, దుమ్ముతో పాటు ముగ్గురూ లోపల పడ్డారు. నాన్న చొక్కా విప్పి తమ్ముడి తలకి చుట్టి, గుండెకి అదుముకుని ఉన్నాడు. కారు దాకా వెళ్ళి, తమ్ముడికి మందు పట్టించి, సంచీతో తిరిగి వస్తుండగా గాలి కొట్టిందట. ఒక్క నిమిషంలో జాడ పోయిందట. ఎటు నడుస్తున్నాడో తెలియక నిలబడిపోయి, హారన్ వినపడిన వైపు మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. తమ్ముడి పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. నాన్న చేతిలోంచి అత్తయ్యే ఇన్‌హేలర్ లాక్కుని వాడి నోట్లో పెట్టి నొక్కింది. ఒకసారి. రెండోసారి. ఇంకోసారి. తాగే నీళ్ళతో చున్నీ తడిపి వాడి ముక్కుకి కప్పింది. వాడి ఛాతీలోంచి ఆ సన్నటి కూత వినిపించేసరికి నాన్న భోరుమన్నాడు. కూత వచ్చిందంటే గాలి లోపలికి పోతోందన్నమాట. నాన్న ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

గాలి పోయాక వాన వచ్చింది, నీళ్ళు కాదు, బురద చుక్కలు. అద్దాలు తుడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాం. తమ్ముడు నాలుగు రోజులుండి ఇంటికొచ్చాడు. టెలిస్కోపు కోసం మామయ్య వెళ్ళి చూస్తే బోర్లా పడి సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది, అద్దం నిండా గీతలు. కెమెరా మళ్ళీ పనిచేయలేదు. నాన్న ఆ డబ్బు ఇస్తానని ఎన్నిసార్లు వెళ్ళినా అత్తయ్య టీ ఇచ్చి పంపించేసేది. "ఆ ఫొటో పోతే మళ్ళ చలికాలమొస్తది తమ్మీ" అని మాత్రం అంది. నాన్న నాకు ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు, ఆయన తరం నాన్నలకి అది రాదు. కానీ ఆ రోజు తర్వాత మా ఇంట్లో నన్ను ఎవరూ పిరికిదానా అని పిలవలేదు. ఎక్కడికి బయల్దేరినా, నాన్న తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఒక్క క్షణం ఆగి నా వైపు చూసేవాడు.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. అమ్మా, భయంగా ఉంది అని వాళ్ళంటే, ఏం లేదు పడుకో అనడం నాకు చేతకాదు. లేచి వెళ్ళి చూసి వస్తాను. దాదాపు ఎప్పుడూ అక్కడ ఏమీ ఉండదు. ఏమీ లేదని చెప్పే ముందు చూశాను కదా, అది చాలు. మా ఆయన నన్ను చూసి తల పట్టుకుంటాడు. తమ్ముడికి ఆ రాత్రి సంగతి ఒక్క ముక్క గుర్తులేదు. వాడిప్పుడు ఆరడుగుల మనిషి, వేరే దేశంలో ఉద్యోగం. ఫోను చేసినప్పుడల్లా నా ఈ అలవాటు మీద జోకులు వేసి పగలబడి నవ్వుతాడు. నవ్వనీ, నాకేం కోపం లేదు. వాడి నవ్వు ఆగిపోయి, అవతల ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. వాడు మళ్ళీ ఊపిరి తీసుకున్న శబ్దం వినపడేదాకా నేను మాట్లాడను.